కోపిష్టులకే గుండెపోటు వస్తుందా? స్వభావానికీ గుండెజబ్బుకీ మధ్య ఉన్న అసలు లెక్క

మీ ప్రశ్న ఇదీ. మీ వారికి 41 ఏళ్ళు, హార్డ్‌వేర్ షాపు, ముక్కుమీద కోపం, రోజుకు ఆరేడు సిగరెట్లు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 146. మెడికల్ షాపులో చూపించుకుంటే బీపీ 148/94 వచ్చింది. కానీ గుండెపోటు వచ్చి స్టెంట్ పడింది మాత్రం మీ బావగారికి, అంటే మీ వారి అన్నగారికి, అదీ 45 ఏళ్ళకే. ఆయనేమో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. "కోపిష్టిని వదిలేసి నెమ్మదస్తుడికి ఎలా వచ్చింది? మా వారు కోపం తగ్గించుకుంటే గండం తప్పుతుందా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. స్వభావం వల్ల గుండెజబ్బు ముప్పు కొంత పెరుగుతుంది. కానీ సిగరెట్టు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ వల్ల పెరిగేది అంతకంటే చాలా ఎక్కువ. స్వభావం చేసే చెడులో కూడా పెద్ద వాటా ఆ స్వభావం చేయించే పనుల ద్వారానే జరుగుతుంది. కోపం రాగానే సిగరెట్టు, చిరాకులో మానేసిన మాత్ర, దిగులుతో ఆపేసిన నడక లాంటివి. కాబట్టి మీ వారు శాంతమూర్తి అయ్యేదాకా ఆగక్కర్లేదు. ముందు సిగరెట్టు, బీపీ, ఎల్‌డీఎల్ సంగతి చూడండి, కోపం సంగతి వాటితోపాటే చూద్దాం. ఇక మీ బావగారి విషయంలో నాకు కోపం కంటే దిగులు గురించే ఎక్కువ ఆందోళన. అది కింద రాస్తాను.

"కోపిష్టికే గుండెపోటు" అన్న మాట జనంలోకి ఎలా వచ్చిందో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. 1950లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మేయర్ ఫ్రీడ్‌మన్, రే రోసెన్‌మన్ అనే ఇద్దరు గుండె డాక్టర్లు ఒక రకం మనుషుల్ని గమనించారు. ఎప్పుడూ టైముతో పరుగు, ప్రతి పనిలో పోటీ, అవతలివాళ్ళ మాట పూర్తవ్వకముందే అందుకోవడం, చిన్నదానికి భగ్గుమనడం. దీనికి టైప్ ఏ అని పేరు పెట్టారు. తర్వాత కాలిఫోర్నియాలో ఉద్యోగాలు చేసే 39 నుంచి 59 ఏళ్ళ మగవాళ్ళు 3,154 మందిని ఎనిమిదిన్నరేళ్ళు గమనిస్తే 257 మందికి గుండెజబ్బు వచ్చింది. టైప్ ఏ వాళ్ళలో అది మిగతావాళ్ళకంటే సుమారు రెట్టింపు. 1975లో ఈ ఫలితాలు వచ్చాక టైప్ ఏ అన్న పేరు పత్రికలన్నిటా మోగిపోయింది.

అయితే ఆ తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాల్లో చాలావాటిలో ఆ సంబంధం కనిపించలేదు. ఇంకా విచిత్రం, అదే 257 మందిని ఆ తర్వాత కూడా గమనించి 1988లో లెక్క చూస్తే, ఒకసారి గుండెజబ్బు వచ్చాక టైప్ ఏ వాళ్ళే ఎక్కువకాలం బతికారు. పట్టుదల మనిషి డాక్టరు చెప్పింది కూడా పట్టుదలగానే చేస్తాడన్నది దానికి ఒక వివరణ. ఫ్రీడ్‌మన్ సంస్థకు ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ డబ్బిచ్చిన సంగతి కూడా ఆ కంపెనీ పత్రాల్లోంచి తర్వాత బయటపడింది. జబ్బు సిగరెట్టు వల్ల కాదు, మనిషి స్వభావం వల్ల అని జనం అనుకుంటే ఎవరికి లాభమో చెప్పక్కర్లేదు. ఫ్రీడ్‌మన్ పరిశీలన అబద్ధమని కాదు. ఆ పేరు చూపించి సిగరెట్టును వదిలేయకూడదని చెప్పడానికే ఇది రాశాను.

టైప్ ఏ మూటను విప్పి ఒక్కోదాన్నీ విడిగా చూసినప్పుడు అసలు విషయం తేలింది. హడావిడి, పనిపిచ్చి, పోటీతత్వం వీటిలో పెద్ద ప్రమాదం కనపడలేదు. మిగిలిన విషం ఒక్కటే: మనుషులమీద అపనమ్మకం, కక్ష, లోపల రగులుతూనే ఉండే కోపం. "అందరూ మోసగాళ్ళే, నేను చూడకపోతే ముంచేస్తారు" అన్న ధోరణి అది. 2009లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఇలాంటి కోపం ఎక్కువున్న ఆరోగ్యవంతుల్లో గుండెజబ్బు 19 శాతం, ముందే గుండెజబ్బు ఉన్నవాళ్ళలో ఆ తర్వాతి ప్రమాదాలు 24 శాతం ఎక్కువగా కనిపించాయి. ఆడవాళ్ళకంటే మగవాళ్ళలో ఈ తేడా ఎక్కువ. పొగతాగడం, వ్యాయామం, బరువు లాంటివి లెక్కలోకి తీసుకోగానే ఈ సంబంధం బాగా బలహీనపడింది. అంటే కోపం చాలావరకు అలవాట్ల దారినే గుండెదాకా పోతోంది.

పోల్చి చూడండి. 52 దేశాల్లో, మన దేశంతో కలిపి, 30 వేలమందికి దగ్గరగా మనుషుల్ని తీసుకుని 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో పొగతాగేవాళ్ళకు గుండెపోటు ముప్పు దాదాపు 2.9 రెట్లు. 19 శాతం ఎక్కడ, మూడు రెట్లు ఎక్కడ! అదే అధ్యయనంలో మానసిక ఒత్తిడి, దిగులు, డబ్బు ఇబ్బందులు అన్నీ కలిపిన లెక్క కూడా 2.67 రెట్లు వచ్చింది. దాన్ని కొట్టిపారేయను. కానీ ఆ ప్రశ్నలు గుండెపోటు వచ్చాక ఆస్పత్రిలో అడిగినవి. మంచంమీద ఉన్న మనిషికి గడిచిన ఏడాదిలోని కష్టాలే ఎక్కువ గుర్తొస్తాయి కాబట్టి ఆ అంకెను కొంచెం తగ్గించుకుని చూడాలి.

ఇంకో మాట. దక్షిణాసియా వాళ్ళకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్ళకు వస్తే మిగతా దేశాల్లో 59కి దగ్గర అని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో మరణ కారణాలు నమోదు చేసి చూస్తే సుమారు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. టెన్షన్ అంతా హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ వాళ్ళకే, పల్లెలో ప్రశాంతంగా ఉండేవాళ్ళకు గుండెజబ్బు రాదు అనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టే తెలుస్తుంది.

స్వభావం సంగతి అలా ఉంచి, కోపం భగ్గుమన్న ఆ ఘడియ గురించి చెబుతాను. ఇది వేరే లెక్క. కోపం రాగానే అడ్రినలిన్ ఎగబాకుతుంది, గుండె వేగం, బీపీ పెరుగుతాయి, రక్తనాళాలు బిగుస్తాయి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అతుక్కునే గుణం పెరుగుతుంది. ధమని గోడలో కొవ్వు గడ్డ ముందే ఉంటే దానిమీది పలుచటి పొర ఇలాంటప్పుడు చిట్లవచ్చు. చిట్లినచోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే అదే గుండెపోటు. 2024లో అమెరికాలో 280 మంది ఆరోగ్యవంతులపై చేసిన పరీక్షలో, కోపం తెప్పించిన సంఘటనను ఎనిమిది నిమిషాలు గుర్తుచేసుకుంటే చాలు, రక్తనాళాలు విప్పారే శక్తి 40 నిమిషాల వరకు తగ్గిపోయింది. ఆందోళన, విచారం గుర్తుచేసుకున్నవాళ్ళలో ఆ తగ్గుదల కనపడలేదు.

తీవ్రమైన కోపం వచ్చిన తర్వాతి రెండు గంటల్లో గుండెపోటు ముప్పు దాదాపు అయిదు రెట్లని 2014లో తేల్చారు. వినగానే భయం వేస్తుంది, కానీ ఆ లెక్కను విడదీసి చూడాలి. ముప్పు తక్కువున్న మనిషికి నెలకొకసారి అలా కోపం వస్తే, పదివేలమందిలో ఏడాదికి అదనంగా ఒక్కరికి గుండె ప్రమాదం జరుగుతుంది. ముప్పు ఎక్కువున్నవాళ్ళలో నలుగురికి. అదే రోజుకు అయిదుసార్లు భగ్గుమనేవాళ్ళయితే, తక్కువ ముప్పున్న పదివేలమందిలో 158 మందికి, ఎక్కువ ముప్పున్నవాళ్ళలో 657 మందికి. ఎప్పుడో ఒకసారి వచ్చే కోపంతో పోయేదేమీ లేదు. సిగరెట్టు, బీపీ ఉన్న మనిషికి రోజూ అయిదారుసార్లు వచ్చే కోపమే ప్రమాదం. మీ వారి విషయంలో ఎన్నిసార్లు అన్నది మీరే చెప్పాలి.

ఇక మీ బావగారి సంగతి. లోపల మింగేసేవాళ్ళ గురించి కూడా పరిశోధన ఉంది. నెదర్లాండ్స్‌లో యోహాన్ డెనోలెట్ అనే మనస్తత్వవేత్త టైప్ డి అని ఒక వర్గం చెప్పారు. దిగులు, చిరాకు లోపల ఎక్కువ, బయటికి చెప్పుకోవడానికి బిడియం. రెండూ కలిసి ఉంటేనే టైప్ డి. 14 ప్రశ్నలుంటాయి, ఏడేడు చొప్పున రెండు భాగాలు, రెండింట్లోనూ 10 లేదా అంతకుమించి మార్కులు రావాలి. మొదటి అధ్యయనాల్లో ఇది చాలా ప్రమాదంగా కనిపించింది. తర్వాత ఎక్కువమందితో చేసిన వాటిలో ఆ బలం తగ్గిపోయింది. అందుకే "మీ బావగారు టైప్ డి, అందుకే వచ్చింది" అని నేను అనను. 45 ఏళ్ళకే వచ్చిందంటే ముందు వెతకాల్సినవి వేరే ఉన్నాయి. రక్తంలో కొలెస్ట్రాల్ మోసే ఒక రకం కణాన్ని కొలిచే లైపోప్రోటీన్ ఏ అనే పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. అది వంశపారంపర్యం, స్వభావంతో పనిలేదు, డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు ఎక్కువ. అన్నగారికి ఎక్కువుంటే తమ్ముడికీ చేయించాలి. ఇద్దరికీ మూడు నెలల షుగర్ సగటు పరీక్ష కూడా చేయించండి.

కానీ గుండెపోటు వచ్చాక దిగులు పట్టుకుంటే మాత్రం అది నిజమైన ప్రమాదం, ఇందులో అనుమానం లేదు. 1993లో మాంట్రియల్‌లో 222 మంది గుండెపోటు రోగుల్ని చూస్తే, డిప్రెషన్ ఉన్నవాళ్ళలో ఆరునెలల్లో చనిపోయినవాళ్ళు మిగతావాళ్ళకంటే కొన్ని రెట్లు ఎక్కువ. అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో దీన్ని గుండెపోటు తర్వాతి ముప్పుల జాబితాలో చేర్చాలని చెప్పింది. నెమ్మదస్తుల దగ్గర చిక్కు ఏమిటంటే వాళ్ళు ఎప్పటిలాగే మౌనంగా ఉంటారు, ఇంట్లోవాళ్ళకు తేడా తెలియదు. మీరు ఇలా అడగండి: గడిచిన రెండు వారాల్లో, ఒకటి, ఏ పనిమీదా ఆసక్తి, సంతోషం లేకుండా పోయిందా? రెండు, మనసు కుంగినట్టు, ఏ ఆశా లేనట్టు అనిపించిందా? ఒక్కోదానికి అసలు లేదు అంటే 0, కొన్ని రోజులు అంటే 1, సగం రోజులకు పైన అంటే 2, దాదాపు రోజూ అంటే 3. రెండూ కలిపి 3 వచ్చినా అంతకు మించినా డాక్టరుకు చెప్పాలి, ఆయన వివరమైన తొమ్మిది ప్రశ్నలు అడుగుతారు. ఆయన అడగకపోతే మీరే గుర్తుచేయండి. మన ఓపీల్లో ఒక్కో రోగికి దొరికే అయిదు నిమిషాల్లో ఈ ప్రశ్న చాలాసార్లు తప్పిపోతుంది.

అవసరమైతే మాత్రలున్నాయి. గుండెజబ్బు ఉన్నవాళ్ళకు సెర్ట్రలీన్ అనే దిగులు తగ్గించే మాత్ర సురక్షితమని పరీక్షించి చూశారు. కానీ స్టెంట్ వేసినవాళ్ళు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటారు, సెర్ట్రలీన్ తోడైతే రక్తస్రావం అయ్యే అవకాశం కొంచెం పెరుగుతుంది. అందుకే గుండె డాక్టరుకు తెలియకుండా మొదలుపెట్టకూడదు. షాపులో అడిగి తెచ్చుకునే ఆల్ప్రజోలం మాత్రం దీనికి మందు కాదు. నిద్ర పట్టిస్తుంది, అలవాటు చేస్తుంది, దిగులు అలాగే ఉంటుంది. ఇది బాధ్యతగా చెబుతున్నాను, ఎందుకంటే మన దగ్గర "టెన్షన్‌కి మాత్ర" పేరుతో ఇళ్ళల్లో ఎక్కువగా తిరిగేది ఇదే.

ఇప్పుడు మీ వారు చేయాల్సినవి, నేనైతే ఏ వరుసలో చేయిస్తానో ఆ వరుసలో చెబుతాను.

ముందు బీపీ తేల్చండి. మెడికల్ షాపులో నిలబడి, మాట్లాడుతూ చూపించుకున్న అంకెను నమ్మలేం. చేతికి కట్టే డిజిటల్ మిషన్ కొనండి, మణికట్టుది వద్దు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. అంతకు అరగంట ముందు కాఫీ, టీ, సిగరెట్టు ఉండకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున, సాయంత్రం, ఏడు రోజులు రాయండి. మొదటి రోజువి కొట్టేసి మిగతా వాటి సగటు తీయండి. 135/85 దాటితే బీపీ ఉన్నట్టే. కోపిష్టుల్లో ఒక తంటా ఉంది. ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు మామూలుగా ఉండి షాపులో మాత్రమే ఎగిసేవాళ్ళుంటారు. అందుకని ఒకటి రెండు రోజులు షాపులో, బేరాల వేళ కూడా అలాగే కూర్చుని చూసుకోమనండి.

సిగరెట్టు. తగ్గించడం కాదు, మానడం. మానేసిన ఏడాదికే గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి పడిపోతుంది. మానిన మొదటి రెండు మూడు వారాలు కోపం ఇంకా పెరుగుతుంది, అది నికోటిన్ లేకపోవడం వల్ల. "సిగరెట్ లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది" అని చాలామంది మళ్ళీ మొదలెట్టేది సరిగ్గా అక్కడే. ముందే తెలిసుంటే ఇంటిల్లిపాదీ ఆ మూడు వారాలు ఓపిక పడతారు. అందుకే పెళ్ళిళ్ళు, ఏడాది లెక్కలు చూసుకునే రోజులు కాకుండా వేరే తేదీ పెట్టుకోండి. నికోటిన్ చూయింగ్ గమ్ డాక్టరును అడిగి వాడొచ్చు.

ఎల్‌డీఎల్. అన్నగారికి 45కే వచ్చింది, ఈయనకు సిగరెట్టు, బీపీ. ఇన్ని ఉన్నప్పుడు 146ను నూనె తగ్గించి చూద్దాం అని ఏళ్ళ తరబడి వదలకూడదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర గురించి డాక్టరుతో మాట్లాడండి. స్టెంట్ పడిన అన్నగారికైతే 70 లోపు, వీలైతే 55 లోపు ఉంచుతారు. ఈసీజీ మామూలుగా ఉందని ధీమాగా ఉండకండి. అది ఆ క్షణం గుండె ఎలా ఉందో చెబుతుంది, ధమనుల్లో ఎంత పేరుకుందో చెప్పదు.

ఇప్పుడు కోపం. "కోపం తెచ్చుకోకండి" అని ఇంట్లో పదిసార్లు చెబితే పదకొండోసారి వచ్చేది కోపమే. దాని బదులు రెండు వారాలు చిన్న నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయమనండి: ఎన్ని గంటలకు, ఏం జరిగింది, ఆ క్షణం మనసులో ఏమనుకున్నారు, ఏం చేశారు. షాపు మనుషుల నోట్‌బుక్‌లు చూస్తే చాలావరకు మూడు చోట్లే కనిపిస్తాయి. మధ్యాహ్నం రెండు దాటినా భోజనం చేయకపోవడం, అరువు వసూళ్ళు, గుమాస్తా చేసిన తప్పు. మొదటిది ఒంటిగంటకల్లా అన్నం తింటే పోతుంది, దానికి ధ్యానం అక్కర్లేదు. మిగతా రెండింటికీ ఆ క్షణం వేసుకోవాల్సిన ప్రశ్నలు నాలుగు. ఇది నిజంగా ముఖ్యమా? ఇంత కోపానికి తగినదేనా? దీన్ని నేను మార్చగలనా? మారిస్తే దానికి తగ్గ ఫలితం ఉంటుందా? నాలుగూ అవును అయితే గట్టిగా, మర్యాదగా అడగాల్సిందే. మింగేయమని ఎవరూ చెప్పరు. ఒక్కదానికైనా కాదు అని వస్తే అక్కడినుంచి లేచి కాసేపు నడవాలి. గట్టిగా అరిచేస్తే లోపలిది పోతుందని చాలామంది నమ్ముతారు, పోదు. అరుస్తున్నంతసేపూ బీపీ పైనే ఉంటుంది.

రోజుకోసారి పది నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీయాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, అంటే నిమిషానికి ఆరు. తల తిరిగితే మరీ లోతుగా తీస్తున్నారని అర్థం, తగ్గించండి. బీపీ అదుపులో లేనివాళ్ళూ, స్టెంట్ పడినవాళ్ళూ డాక్టరును అడగకుండా కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టడం చేయకూడదు. ఫ్రీడ్‌మన్ తన రోగులకు ఇచ్చిన అభ్యాసాలు కూడా పనికొస్తాయి: కావాలని పొడుగు క్యూలో నిలబడటం, భోజనం నెమ్మదిగా చేయడం, అవతలివాళ్ళు మాట ముగించేదాకా నోరు తెరవకపోవడం. గుండెపోటు వచ్చినవాళ్ళకు ఇలాంటివి నేర్పి నాలుగున్నరేళ్ళు చూస్తే, మళ్ళీ గుండె దెబ్బతిన్నవాళ్ళు 12.9 శాతం. మామూలు సలహాలు విన్నవాళ్ళలో 21.2 శాతం.

దీని పరిమితి కూడా చెప్పాలి. స్వీడన్‌లో గుండెజబ్బు ఉన్న 362 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఒత్తిడిని తట్టుకునే తీరు నేర్పుతూ రెండేసి గంటల చొప్పున 20 తరగతులు నడిపితే, వాళ్ళలో మళ్ళీ వచ్చే గుండె, రక్తనాళాల ప్రమాదాలు 41 శాతం తగ్గాయి. కానీ అమెరికాలో 2,481 మందితో చేసిన మరో పరీక్షలో దిగులు కొంత తగ్గినా మరణాలూ గుండెపోట్లూ తగ్గలేదు. మన దేశంలో 24 ఆస్పత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందిలో సగంమందికి యోగా నేర్పినప్పుడు మనిషి హాయిగా ఉన్నాడు, మునుపటి పనుల్లోకి బాగా వెళ్ళగలిగాడు. గుండె ప్రమాదాలు తగ్గాయని మాత్రం గట్టిగా చెప్పలేకపోయారు. కాబట్టి ఇవన్నీ చేయండి, కానీ మాత్రలతోపాటు, మాత్రల బదులు కాదు. "టెన్షన్ వల్ల వచ్చింది, ఇప్పుడు టెన్షన్ లేదు" అని స్టెంట్ పడిన ఏడాదిలోపు రక్తం పలుచబడే మాత్ర మానేసి, స్టెంటే మూసుకుపోయి తిరిగి వచ్చేవాళ్ళుంటారు. గుండె వేగం తగ్గించే మెటోప్రోలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు ఒక్కసారిగా ఆపినా గుండె వేగం, బీపీ ఎగదన్నుతాయి. మీ బావగారికి ఈ రెండు ముక్కలూ తప్పకుండా చెప్పండి.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. మీ ప్రశ్నంతా ఇద్దరు మగవాళ్ళ గురించే. స్టాక్‌హోమ్‌లో గుండెజబ్బు వచ్చిన 292 మంది స్త్రీలను గమనిస్తే, దాంపత్యంలో తీవ్రమైన ఒత్తిడి ఉన్నవాళ్ళకు మళ్ళీ జబ్బు తిరగబెట్టే ముప్పు దాదాపు మూడు రెట్లు. ఆయన కోపం ఎప్పుడు వస్తుందో అని ఇంట్లో అడుగులు ఆచితూచి వేసే మనిషికీ గుండె ఉంది. మిషన్ కొన్నాక మీ బీపీ కూడా ఏడు రోజులు రాయండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

చివరగా, గొడవ మధ్యలోనో ఆ తర్వాత రెండు గంటల్లోనో ఛాతీ మధ్య బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఊపిరి అందకపోవడం వస్తే అది కోపం వల్లనా, గ్యాస్ వల్లనా అని ఇంట్లో తేల్చుకోవద్దు. ఈనో తాగించి చూడొద్దు, బండిమీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళొద్దు. పని ఆపించి కూర్చోబెట్టి 108కి చేయండి. ఆస్పిరిన్ పడనివాళ్ళు, అల్సర్‌తో రక్తం పడుతున్నవాళ్ళు కాకపోతే 300 నుంచి 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించండి. నొప్పి మొదలైన టైము కాగితంమీద రాసి ఆస్పత్రిలో చూపించండి, గడ్డ కరిగించాలా, వెంటనే స్టెంట్ వేయాలా అని తేల్చడానికి వాళ్ళు మొదట అడిగేది అదే.